పీల్చిన నీళ్ళు

ఆ వీధిలో రంగులాయన అంటే చాలు, చంటిపిల్లని అడిగినా ఇల్లు చూపిస్తుంది. దుకాణాలకి బోర్డులు రాయడం ఆయన పని. ఊరంతా ప్లాస్టిక్ బోర్డులు వచ్చిపడ్డాక కూడా, చేత్తో రాసిందే కావాలని పట్టుబట్టే దుకాణదారులు కొందరు మిగిలారు. వాళ్ళ పుణ్యాన ఆయన కుంచె ఎండిపోలేదు. భార్య దర్జీ. ముందుగదిలో రెండు మిషన్లు వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఆయన అక్షరం కొలిచి రాసేవాడు, ఆమె గుడ్డ కొలిచి కత్తిరించేది. పిల్లలు లేరు. "మా ఇంట్లో కొలతలే గానీ కలతలు లేవు" అని ఆయన అందరితో అంటుండేవాడు.

ఆయనకి నలభై ఆరో ఏట రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఏడాదిన్నర పాటు వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకున్నాడు. ఇలా ఎంతకాలం, కొత్త కిడ్నీ పెట్టించుకోండి అన్నారు డాక్టర్లు. భార్యది సరిపడలేదు. అక్కది సరిపడింది.

ఆ అక్క ముప్పై రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి, "ఒకటీ ఒకటీ కలిస్తే రెండవ్వాలి. నేను చూసిన ఇళ్ళలో ఒకటే మిగులుతోంది, అదీ మగవాడే" అని జవాబు చెప్పేది. ఊరికి అవతలి చివర రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆపరేషనుకి ముందురోజు తమ్ముడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కసిరింది.

"ఏడుపెందుకురా? నా దగ్గర రెండున్నాయి, నీ దగ్గర సున్నా. చెరొకటి. ఒకటో తరగతి లెక్క ఇది."

ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి వేరే ఊళ్ళో ఉంది. రైల్లో పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరతారు. ఆపరేషన్ బాగానే అయింది. బాగా అంటే, మూడో రోజుకే ఆయన మంచం మీద పడుకుని, నర్సు పేరుబిళ్ళ మీద అక్షరాల మధ్య ఎడం సరిగ్గా లేదని వంక పెట్టేటంత బాగా. అక్క నెలరోజులకి ఇంటికి వెళ్ళిపోయింది. భార్యాభర్తలు మాత్రం ఆసుపత్రికి ఎదురుగా ఒక అద్దెగదిలో ఉండిపోయారు. వారానికి రెండుసార్లు రక్తపరీక్షలు, ఆ లెక్కన మందులు మార్చడం. అట్లా నూట పదిహేడు రోజులు గడిచాయి. అన్ని రోజులూ వాళ్ళ ఇంటికి తాళమే.

ఇంటికి పంపేముందు పెద్ద డాక్టరు ఆమెని కూర్చోబెట్టి చెప్పాడు.

"కొత్త కిడ్నీని ఒళ్ళు పరాయిదనుకుని తరిమేస్తుందమ్మా. అలా తరమకుండా ఒంట్లో కాపలావాళ్ళని సగం నిద్రలో ఉంచే మందులు ఇస్తున్నాం. కాపలావాళ్ళు కునుకు తీస్తే దొంగలదే రాజ్యం. అందుకని గుమ్మం దగ్గర మీరే కాపలా కాయాలి."

నర్సు ఒక కాగితం ఇచ్చింది. అందులో ముప్పై ఒక్క జాగ్రత్తలున్నాయి. ఆమె దాన్ని ఎన్నిసార్లు చదివిందంటే, ఏ జాగ్రత్త ఎన్నో అంకె మీద ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. కాచి చల్లార్చిన నీళ్ళే తాగాలి, అది నాలుగు. పచ్చి కూరలు తినకూడదు, అయిదు. రోజూ స్నానం చేయాలి, తొమ్మిది. మట్టి ముట్టుకోకూడదు, పదిహేను. ఇంట్లో పావురాల రెట్ట ఉండకూడదు, పదహారు.

బయల్దేరే ముందు వారమంతా ఆమె అద్దెగది నుంచే ఫోన్లో ఆడపడుచుకి చెప్పి ఇల్లు సర్దించింది.

"ఇల్లు కడిగించండి వదినా. కిటికీ దగ్గరున్న పూలకుండీలు ఎవరికైనా ఇచ్చెయ్యండి, మట్టి పనికిరాదట. ఫిల్టరు మార్పించండి. ముఖ్యంగా ట్యాంకు. నాలుగు నెలలుగా నిలవున్న నీళ్ళు."

"ట్యాంకు పక్కనే కుర్చీ వేసుకుని కడిగిస్తాను సరేనా? తాగబోయేది నా కిడ్నీయే కదా" అంది వదిన.

అన్నట్టే చేసింది. ఎండలో గొడుగు వేసుకుని డాబా మీద కూర్చుని, ట్యాంకులో నీళ్ళన్నీ తోడించి, గోడలు రుద్దించి, బ్లీచింగు వేయించి, మళ్ళీ కడిగించి, కొత్త నీళ్ళు పట్టించింది. అడుగున చేరిన బురద ఎన్ని బకెట్లో కూడా ఫోన్లో చెప్పింది. ఈమె ఆ మాట విని ఊపిరి పీల్చుకుంది.

వాళ్ళు ఇల్లు చేరింది ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున. తలుపు తీయగానే ఫినాయిలు వాసన వేసింది. ఆయన గుమ్మంలో నిలబడి, తను పాతికేళ్ళ కింద గోడ మీద రాసుకున్న ఇంటి నంబరుని వేలితో తడిమాడు. ఆ తర్వాత అడిగిన మొదటి కోరిక స్నానం.

నాలుగు నెలలుగా ఆ ఒంటికి సరైన స్నానం లేదు. కుట్లు మానేదాకా తడిగుడ్డతో తుడుపు. తర్వాత అద్దెగదిలో ఇరుకు మూలన కూర్చుని పోసుకునే ఏడెనిమిది చెంబులు.

"షవరు కింద నిలబడతానోయ్. అడ్డు చెప్పకు."

ఆమె మనసులో కాగితం తిప్పి చూసుకుంది. తొమ్మిదో అంకె, స్నానం చేయాలి. చేయకూడదని ఎక్కడా లేదు. వెళ్ళి గీజరు స్విచ్చి వేసింది.

"ఎక్కువసేపు వద్దు, గోరువెచ్చగా చాలు. ఎండాకాలమే కదా" అన్నాడాయన. అయిదు నిమిషాల్లో ఆపేసింది.

వంటింట్లో ఆమె తాగేనీళ్ళు పొయ్యి మీద పెట్టి, గడియారం చూస్తూ నిలబడింది. మరగడం మొదలయ్యాక ఇరవై నిమిషాలు. పక్కనే స్నానాలగది. తలుపు వెనక నీళ్ళ చప్పుడు, ఆయన గొంతు.

"మొదట కాస్త ఎర్రగా వచ్చాయోయ్. ఇప్పుడు బాగానే ఉన్నాయిలే."

"నోట్లోకి పోనివ్వకండి."

"నోరు మూసుకునే ఉన్నాను."

"నోరు మూసుకున్నవాళ్ళు మాట్లాడరు."

లోపల ఆయన నవ్వాడు. అరగంట సేపు ఆ నీళ్ళ కింద నిలబడ్డాడు. బయటికి వచ్చినప్పుడు ఆ మొహం చూసి, ఈ నాలుగు నెలల కష్టమూ ఈ ఒక్క స్నానానికి చెల్లు అనుకుందామె. ఇద్దరూ నట్టింట్లో కూర్చుని, కాచి చల్లార్చిన నీళ్ళు చెరో గ్లాసు తాగారు.

అయిదు రోజులు సుఖంగా గడిచాయి. ఆయన రోజూ స్నానం చేశాడు. రంగుల వాసన అప్పుడే వద్దన్నారు కాబట్టి కాగితం మీద పెన్సిలుతో బోర్డుల నమూనాలు గీసుకున్నాడు. కొత్తగా పెట్టబోయే బట్టల దుకాణం తాలూకు మనిషి వచ్చి ఒక బోర్డు కావాలని చెప్పి వెళ్ళాడు. వదిన రోజు విడిచి రోజు వచ్చి, తమ్ముడు ఎన్ని నీళ్ళు తాగాడో, ఎంత మూత్రం పోశాడో రాసిన పుస్తకం తనిఖీ చేసి, పాత అలవాటు కొద్దీ అడుగున ఎర్రసిరాతో ఒక టిక్కు పెట్టేది.

ఆరో రోజు ఆయన అన్నం సగంలో వదిలేశాడు. తలనొప్పిగా ఉందన్నాడు. ఏడో రోజు జ్వరం, పొడి దగ్గు. కడుపు కూడా కాస్త చెడింది. కడుపు అనగానే ఆమె అనుమానమంతా తాగేనీళ్ళ మీదికి పోయింది. ఇరవై నిమిషాలు మరిగించేది కాస్తా నలభై చేసింది. బిందె మార్చింది, వడకట్టే గుడ్డ మార్చింది, ఆయన గ్లాసుని విడిగా వేడినీళ్ళలో ఉడికించింది. ఒళ్ళునొప్పులకి వెచ్చటి నీళ్ళు హాయిగా ఉన్నాయని ఆయన ఆ రెండు రోజులూ షవరు కింద ఇంకాసేపు ఎక్కువే నిలబడ్డాడు. వద్దని ఎవరంటారు? ఆమే టవలు అందించింది.

ఎనిమిదో రోజు పొద్దున ఆయన బల్ల దగ్గర కూర్చుని బట్టల దుకాణం బోర్డు గీస్తుంటే, ఆమె పాలు తీసుకెళ్ళి భుజం మీంచి చూసింది. 'బటల దుకణం' అని ఉంది. ముప్పై ఏళ్ళలో ఆయన చేతిలో ఒత్తు జారిపోవడం ఆమె ఎరగదు.

"ఏమండీ, ఏం రాశారు?"

"బట్టల దుకాణం."

"ఒత్తు ఏదీ? దీర్ఘం ఏదీ?"

ఆయన కాగితం వంక చూశాడు. చాలాసేపు చూశాడు. "ఉన్నాయి కదోయ్" అన్నాడు మెల్లగా. జ్వరానికి భయపడనంతగా ఆ రెండు మాటలకి భయపడింది.

ఊళ్ళో ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే ఎడమ ఊపిరితిత్తి కింది సగం తెల్లగా కనిపించింది. న్యుమోనియా అన్నారు. మందు ఎక్కించారు. రెండు రోజులు చూశారు. జ్వరం దిగలేదు సరికదా, ఆయన భార్యని పట్టుకుని "ఇక్కడ కుట్టే ఆవిడ ఒకరుండాలి, ఏమైంది?" అని అడిగాడు. "నేనేనండీ" అంటే నమ్మలేదు. మూడో రోజు తెల్లారగానే అంబులెన్సులో పాత ఆసుపత్రికి, పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. సాయంత్రానికి నోట్లో గొట్టం వేసి ఊపిరి మిషనుకి తగిలించారు.

మర్నాడు ఐసీయూ పక్కనున్న చిన్న గదిలోకి ఆమెని పిలిచారు. అక్కడ ఇన్‌ఫెక్షన్లు చూసే డాక్టరమ్మ ఉంది. చిన్న వయసు. కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి.

"ఇల్లు చాలాకాలం మూసి ఉందా అమ్మా?"

"నూట పదిహేడు రోజులు."

"ఇంటికి వెళ్ళాక ఆయన షవరు కింద స్నానం చేశారా?"

ఈ ప్రశ్న ఎందుకో ఆమెకి అర్థం కాలేదు. అయినా చెప్పింది. చెప్పి, అడక్కుండానే ఇంకా చెప్పుకుంటూ పోయింది. "ట్యాంకు కడిగించాం డాక్టరుగారూ. ఫిల్టరు మార్చాం. తాగేవి ప్రతి చుక్కా కాచి, చల్లార్చి, వడకట్టి ఇచ్చాను. బయట ఒక్క గుక్క కూడా తాగలేదు."

"తాగిన నీళ్ళ వల్ల కాదమ్మా ఇది. పీల్చిన నీళ్ళ వల్ల."

"నీళ్ళు పీల్చడమేమిటండీ?"

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ట్యాంకు కడిగినా గొట్టాల్లో, గీజరులో, షవరు జల్లెడలో పాతనీళ్ళు అలాగే ఉండిపోతాయి. వెచ్చగా, కదలకుండా నెలల తరబడి ఉన్న నీళ్ళలో ఒక రకం సూక్ష్మజీవి పెరుగుతుంది. తాగితే మామూలుగా ఏమీ చేయదు. షవరు తిప్పగానే కంటికి కనపడని తుంపర్లుగా గాల్లోకి లేచి, ఊపిరితో లోపలికి పోతుంది. గట్టివాళ్ళయితే చాలామంది తట్టుకుంటారు. ఆయన వాడే మందులు తట్టుకోనివ్వవు. పరీక్షలో అదే తేలింది, సరైన మందు నిన్న మొదలుపెట్టాం.

"మరి ఏం చేసి ఉండాల్సింది?" అని అడిగింది ఆమె.

డాక్టరమ్మ కొంచెం తటపటాయించింది. చేతులు కాలిన మనిషికి ఆకుల సంగతి చెప్పాలా అన్నట్టు. చివరికి చెప్పింది. "ఆయన ఇంట్లో అడుగు పెట్టకముందే, కిటికీలు తీసి, అన్ని పంపులూ మెల్లగా తిప్పి చాలాసేపు వదిలెయ్యాలి. గీజరు పూర్తి వేడి మీద పెట్టి ఆ వేడినీళ్ళు కూడా వదలాలి. షవరు విప్పి శుభ్రం చేయాలి. నీళ్ళు చిందకుండా చూసుకోవాలి, పక్కన నిలబడకూడదు."

"అంతేనా?"

"అంతే."

ఆమె సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పరిచింది. మడతల దగ్గర చిరిగిపోతే వెనక గుడ్డముక్క వేసి కుట్టింది దాన్ని. "ఇందులో ఎన్నో అంకె మీద ఉందండీ ఇది? నాకు కనపడలేదేమో."

డాక్టరమ్మ పైనుంచి కింది దాకా చదివింది. ఇంకోసారి చదివింది.

"లేదమ్మా" అంది. "ఇకముందు వాళ్ళకి రాయిస్తాను."

ఆమె తల ఊపి, కాగితం మడిచి లోపల పెట్టుకుంది. ఇకముందు వాళ్ళెవరో ఆమెకి తెలియదు. వాళ్ళ మీద కోపమూ లేదు. ఆ రోజంతా ఐసీయూ ముందు బెంచీ మీద కూర్చుని, ఒక్కటే గుర్తు తెచ్చుకుంది. తలుపు అవతల నీళ్ళ చప్పుడు, తన చేతి కింద పొయ్యి. ముప్పై ఒక్క తలుపులకి తాళాలేసి, ముప్పై రెండో తలుపు తనే తీసి టవలు అందించిన మనిషికి ఏ పేరు పెట్టాలో ఆమెకి తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి వదిన వచ్చింది. సంచి కింద పెట్టకుండానే "ఎలా ఉన్నాడు?" అంది. "అలాగే" అంది ఈమె. ఆ తర్వాత ఎలా మొదలుపెట్టాలో తెలియక నీళ్ళు నమిలింది. ఇచ్చిన మనిషికి, ఇచ్చింది పోయేలా ఉందని ఎలా చెప్పడం? ఏమైతే అయిందని డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పేసింది. గీజరు తనే వేశానంది. ఎర్రనీళ్ళు వచ్చాయని ఆయన చెప్పినా పట్టించుకోలేదంది.

వదిన ఎదురుగోడ మీద వేలాడుతున్న 'నిశ్శబ్దం' అన్న బోర్డు వంక చూస్తూ కూర్చుంది. కాసేపటికి అడిగింది.

"పంపులు తిప్పి వదలాలని అందా ఆవిడ?"

"అవును వదినా."

"ఎంతసేపట?"

"చాలాసేపు అంది."

వదిన కళ్ళజోడు తీసింది. తుడవలేదు. ఊరికే చేతిలో పట్టుకుంది.

"ట్యాంకు కడిగినాయన చెప్పాడు నాకు" అంది.

"ఏం చెప్పాడు?"

"టీచరుగారూ, గొట్టాల్లో పాతనీళ్ళున్నాయి, పంపులన్నీ ఓ అరగంట వదిలెయ్యండి అన్నాడు. నేనే వద్దన్నాను. నీళ్ళు రెండు రోజులకోసారి వస్తున్నాయి, ట్యాంకు నిండడానికి మూడు గంటలు పట్టింది. ఇంత కష్టపడి నింపింది కాలవపాలు చేస్తామా అన్నాను. వీళ్ళు వచ్చే రోజుకి ట్యాంకు నిండుగా ఉండాలి కదా అనుకున్నాను." ఆగింది. "అరగంట అమ్మాయ్. అరగంటే అడిగాడు."

ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. ఈమెకి వదిన చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకోలేకపోయింది. 'మీ తప్పు కాదు' అనడానికి నోరు రాలేదు. 'మీ వల్లే' అనడానికి మనసు ఒప్పలేదు. పొత్తికడుపు పక్కన కోత ఉన్న మనిషిని ఏ నోటితో ఏమంటారు? నిన్నటి దాకా ఆ బరువంతా ఒక్కతే మోసింది. ఇప్పుడు ఇద్దరైతే సగం తగ్గాలి. తగ్గలేదు. ఎవరి వాటా వాళ్ళకి పూర్తిగానే వచ్చింది.

అంతలో పెద్ద డాక్టరు పిలిపించాడు. నిలబడే చెప్పాడు.

"మందు పనిచేస్తోంది గానీ ఒళ్ళు సహకరించడం లేదు. కాపలావాళ్ళని లేపితే తప్ప ఈ ఊపిరితిత్తి గట్టెక్కదు. అంటే కిడ్నీ కోసం ఇచ్చే మందులు ఆపాలి. ఆపితే కిడ్నీ పోవచ్చు. ఆపకపోతే మనిషి పోవచ్చు. మీ సంతకం కావాలి."

ఆమె కాగితం అందుకుని వదిన వంక చూసింది.

"నన్నెందుకు చూస్తావు?" అంది వదిన. "ఇచ్చేశాక నాది కాదది. పెట్టు."

పొడుగాటి గుడ్డని గీత తప్పకుండా కత్తిరించే చెయ్యి ఆమెది. ఆ సంతకం మాత్రం గీత కింద నుంచి పక్కకి వాలిపోయింది.

ఆయన బతికాడు. పందొమ్మిది రోజులకి గొట్టం తీశారు. కిడ్నీ పోయింది. మొదట రోజుకింత మూత్రం పోసేవాడు, తర్వాత సగం, తర్వాత గ్లాసెడు, ఒక రోజు ఏమీ లేదు. అక్క తెచ్చిన పుస్తకంలో ఆ రోజు గడి ఖాళీగా ఉండిపోయింది. డయాలసిస్ మిషను మళ్ళీ మంచం పక్కకి వచ్చింది.

తెలివి పూర్తిగా వచ్చాక, గొంతు ఇంకా గీరగా ఉండగానే, ఆయన అక్కని దగ్గరికి పిలిచాడు.

"అక్కా, నువ్విచ్చింది నిలబెట్టుకోలేకపోయాను. పిల్లాడిలా ఆ నీళ్ళ కింద ఆడుకున్నాను. నన్ను క్షమించు."

అక్క మంచం కమ్మీ పట్టుకుంది. ఏదో చెప్పబోయింది. ఏం చెప్పబోతోందో మరదలికి తెలుసు. ఆపాలో వద్దో మాత్రం తెలియలేదు. నిజం చెబితే అక్క బరువు దిగుతుందా, ఆయనకి కొత్త బరువు ఎక్కుతుందా? చిక్కిపోయిన ఆ మొహానికి ఇంకో బరువు ఎక్కించే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

"నోరు ముయ్యి" అంది అక్క చివరికి. "మాట్లాడితే ఆయాసం వస్తుంది."

అని బయటికి వెళ్ళిపోయింది. వరండా చివర కిటికీ దగ్గర వెనక్కి తిరిగి నిలబడిన ఆ మనిషి దగ్గరికి ఈమె వెళ్ళలేదు. వెళ్ళి ఏం చేయాలి?

ఈసారి ఇంటికి వెళ్ళేసరికి మళ్ళీ నలభై రోజుల పైమాటే అయింది. ఆయన్ని వదిన ఇంట్లో దించి, ఆమె ఒక్కతే ముందుగా వెళ్ళింది. ప్లంబరుని పిలిపించింది. ఇద్దరూ ముక్కుకీ నోటికీ మాస్కులు బిగించుకున్నారు. కిటికీలు తెరిచారు. షవరు విప్పించి ఆ గొట్టానికి మూత బిగించమంది. గీజరు రెండు గంటలు పూర్తి వేడి మీద ఉంచారు. పంపుల మూతికి పాత గుడ్డలు చుట్టి, చిందకుండా మెల్లగా తిప్పి వదిలారు. మొదట ఎర్రగా వచ్చాయి, తర్వాత పొగలు కక్కుతూ తెల్లగా వచ్చాయి. ఆమె పెరట్లోకి పోయి నిలబడింది. అరగంట అయింది. ఇంకో అరగంట వదలమంది. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా వదిలించి, మళ్ళీ నింపించి, మళ్ళీ వదిలించింది.

ఆఖరున గ్లాసులో కాసిని నీళ్ళు పట్టి వెలుతురుకెత్తి చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఆ ఆదివారం ఎర్రదనం పోయాక వచ్చినవీ ఇలాగే ఉండి ఉంటాయి.

"ఇక చాలా బాబూ?" అని అడిగింది ప్లంబరుని.

"చాలనే అనుకుంటున్నానమ్మా" అన్నాడతను, పానాలు సంచిలో వేసుకుంటూ.

చాలు అని ఖాయంగా చెప్పే మనిషి ఆ ఊళ్ళో ఎవరూ లేరు. ఆయన ఇంటికి వచ్చాక, ఆమె మరిగించి చల్లార్చిన నీళ్ళే బకెట్లో పోసి, ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, చెంబు వీపుకి ఆనించి చప్పుడు కాకుండా జారవిడిచేది. ఆయన ఊపిరి బిగబట్టుకునేవాడు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు.

వారానికి మూడు రోజులు ఊళ్ళోని డయాలసిస్ కేంద్రానికి మళ్ళీ ప్రయాణం మొదలైంది. వదిన కూడా వచ్చేది. ఆయన లోపల మిషను మీద ఉన్న నాలుగు గంటలూ ఆడవాళ్ళిద్దరూ బయట హాల్లో కూర్చునేవారు. ఒక రోజు అక్కడికి ఒకావిడ వచ్చింది. కొడుక్కి తన కిడ్నీ ఇచ్చిందట. అయిదు నెలలు వేరే ఊళ్ళో ఉండి వచ్చారట, రేపే ఇంట్లో దిగుతున్నారట. ఆపరేషనుకి ముందు కొడుకుని చూసుకున్న నర్సులకి చెప్పి పోదామని వచ్చింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

వదిన లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పంపులు, గీజరు, షవరు, అరగంట అన్నీ చెప్పింది, బడిలో చెప్పినట్టు వేళ్ళు మడుస్తూ. ఆవిడ మొదట శ్రద్ధగానే వింది. తర్వాత కళ్ళు తలుపు వైపు పోయాయి. బయట ఆటో హారను మోగింది.

"మా డాక్టరుగారు అన్నీ చెప్పారండీ. నీళ్ళు కాచే తాగుతాం" అంది నవ్వుతూ.

"తాగడం కాదమ్మా..."

"సరేనండీ, గుర్తుంచుకుంటాను. మావాడు ఎండలో ఉన్నాడు." చెయ్యి మెల్లగా విడిపించుకుని వెళ్ళిపోయింది.

వదిన వెనక్కి వచ్చి కూర్చుంది.

"వింటుందంటావా అమ్మాయ్?"

"ఏమో వదినా" అంది ఆమె.

లోపల మిషను ఒకటి కూసింది. నర్సు లేచి అటు వెళ్ళింది.